దళం

కళింగపట్నం బడి, ఏడో తరగతి.
నల్లబల్ల మీద నౌకాదళం అని రాసి
చేపను కోసినట్టు నడుమకి కోశాను.

నౌక నావకి తోబుట్టువు,
ఇంగ్లీషు నేవీ కూడా ఆ ఇంటి దూరపు చుట్టమే అన్నాను.
వెనక బెంచీ నుంచి సూరాడ నూకరత్నం:
"నేవీ నాకు తెల్దేటి మాస్టారూ,
మా అయ్యని పట్టుకెల్లిపోనాది అదే గదేటి."

వెరావల్ బోటు. నీళ్ళ మీద
కనబడని గీతేదో దాటారట.
పద్నాలుగు నెలలు. రెండు ఉత్తరాలు.

సుద్దముక్క దళం మీదికి జరిపాను.
దళమంటే సేన. ఆకు కూడా, పూరేకు కూడా.
ఇంకా లోతుకి దిగితే
పగలడం, చీలడం.
మా అమ్మమ్మకి మాత్రం
కొండ దిగొచ్చే రాత్రి అడుగులు,
ఆర్పేసిన బుడ్డి,
ఎసట్లో ఎక్కువ పోసిన రెండు సోలల బియ్యం.
ఆ అర్థం నా నిఘంటువులో లేదు.
పిల్లలకి నేనూ చెప్పలేదు.

"మారేడు దళం లాంటిదే కదా?"
"అదే మాట."
"ఆకైతే తేలాల గానీ
మనుసుల్నెలగ ఎత్తుకెల్లిపోతాది?"

గంట కొట్టారు. బతికాను.

సాయంత్రం వంశధార మొగ దగ్గర
ఆ గుంటే. ఒడినిండా బాదం ఆకులు.
ఒక్కోదానిలో ఒక్కో గవ్వ పెట్టి
వరసగా నీళ్ళలోకి తోస్తోంది.
ఏటిదని నేనడగలేదు.
ఆరు అక్కడికక్కడే మునిగాయి.
రెండు తిరిగొచ్చి
దాని కాళ్ళకే తగులుకున్నాయి.
మిగతావి ఎటెళ్ళాయో
చీకటి పడిపోయింది, చూడలేదు.