జానెడు జాగ

ముందర్రూంల కొత్తవాడ జంపఖానా పరిచిన.
ఇంట్ల కుడుము వాసన లేని జాగ అదొక్కటే.
చుడువను నిన్ననే తెచ్చినం,
చెప్పుల డబ్బల, హన్మకొండ చౌరస్తకెల్లి.
ఇద్దరూ మొగ గినీపిగ్గులే.

పశువుల డాక్టరు ఒకటే మాటన్నడు:
"నెత్తురు కనపడితెనే చెయ్యి పెట్టు."
తువ్వాల ఒళ్లె పెట్టుకొని కూసున్న.

ముందుగాల కుడుము దిగిండు.
నడుము ఊపుకుంట, గొంతుల మోటరు పెట్టుకొని,
ఎదుర్కోళ్లల్ల వియ్యంకుని లెక్క.
చుడువ మూతి లేపిండు.
వీడు ఇంకింత లేపిండు.
పండ్లు టకటక,
మా నాయిన మగ్గం యాదికచ్చింది.

"కొట్టుకుంటున్నయా?" వంటింట్లకెల్లి సుగుణ.
"లేదు, మాట్లాడుకుంటున్నయ్."
నాకేం తెలుసు. అన్న, అంతే.

బిడ్డ రుత్విక నోటుబుక్కుల రాస్తున్నది:
'నోరు తెరిస్తె ఆవలింత కాదు,
పండ్లు చూపెట్టుడు.'

ఒకడు మీదికెక్కబోయిండు, ఒకడు జారుకున్నడు.
వెంట్రుకలు రెండు గాలిల లేసినయ్.
తువ్వాల లేపిన, మల్ల దించిన.
కొత్తిమీర రెండు దిక్కుల పెడితె
ఇద్దరూ ఒక్క కట్ట మీదికే ఉరికిన్రు.
రెండోది అట్లనే వాడింది.

రాత్రి పదకొండు.
కాజీపేట దిక్కు రైలు కూసింది.
బెదిరి ఇద్దరూ ఒకే డబ్బల దూరిన్రు.
వంగి చూసిన: వీపులు అటొకటి, ఇటొకటి.
నడుమ జానెడు జాగ.

చుడువ నోరు తెరిసిండు.
రుత్విక బుక్కు తీసి చూసిన.
ఇది ఏ ఆవలింతనో అండ్ల రాసి లేదు.