ఉండే చీటీ

మేత కంపెనీ వాళ్లిచ్చిన రంగుల కాయితాన్ని
విడవలూరు డిపోలో బస్తాల మీద పరిచి
ఒక మూల అయొడిన్ డబ్బా, ఒక మూల పీహెచ్ సీసా,
ఇంకో మూల రవణయ్య సెల్లు,
నాలుగో మూల నా లెక్కల పుస్తకం పెట్టాం,
ఫ్యాను గాలికి ఆ ఊరు లేచిపోకుండా.

ఎడారిలో ఊరంట.
ఏడు రోజులంట.
రాత్రనేది ఉండదంట, ఆట జరిగే చోట
గోడకి గడియారం పెట్టరంట,
వాన పడదు గానీ
నీళ్లు పాటకి ఎగిరి ఆడతాయంట.
"ఎడారిలో నీళ్లేందబ్బా!" అన్నాడు మస్తానయ్య.
ఆయన బోరు రెండొందల అడుగులకీ ఉప్పే.

మొదటిరోజు నిద్ర.
దీని మీద ఎవరికీ పేచీ లేదు.
మూడేళ్లుగా తెల్లారగట్ల మూడింటికి లేచి
నీళ్లలో గాలి ఉండాదో లేదో చూసుకుంటున్నోళ్లం.

రెండోరోజు పెద్ద లోయ చూడాలన్నాడు సుధీరు.
రాళ్లు చూసేదానికి అంత దూరమా,
ఉదయగిరి కొండ కరిగిపోయిందా, అంది కామాక్షమ్మ.
ఎండురొయ్యల పొడి ఎవరి పెట్టెలో పెట్టాలి,
విమానంలో వాసనొస్తే ఎవరు ఒప్పుకోవాలి,
ఈ తగువులోనే మూడోరోజూ నాలుగోరోజూ అయిపోయాయి.

జూదం మాట ఎవరూ ఎత్తలేదు.
ఎత్తకుండా దాని చుట్టూ తిరుగుతా ఉండాం.
చివరికి పోలిరెడ్డే గొంతు తగ్గించి
"తలకి ఎంతని రాసుకుందాం, పోయేదానికి?" అన్నాడు.

పోయేదానికి.
ప్రయాణానికనుకుని కలం తీశాను.
ఆయన ముఖం చూశాక తెలిసింది
ఏది పోయేదో.

పుస్తకం వెనక్కి తిప్పాను.
పోయిన వేసంగి, తెల్లమచ్చ, నలభై రోజుల పిల్ల,
ఆరెకరాలు, పోలిరెడ్డి పేరు కింద ఎర్రసిరా.
అంతకు ముందు పంట ముప్పై కౌంటు,
సోమవారం ధర చూసి పట్టుబడి ఆపాడు,
శుక్రవారానికి కిలోకి తొంభై తగ్గింది.
జీవితంలో పేకముక్క ముట్టని మనిషని
మా దిక్కున ఆయనకి పేరు.

సరే, అసలు చిక్కు వేరే ఉండాది.
ఆరుగురం కలిసి ఒక్క పేరున మేత కొని
టార్గెట్ కొట్టాం గానీ టికెట్లు అయిదే.
అదీగాక ఏడు రోజులు గుంటల్ని ఎవరికొదిలిపోతాం?
చీటీలు వేద్దామన్నారు. నేనే రాశాను.
అయిదింటి మీద 'పోయేది',
ఒకదాని మీద 'ఉండేది'.
అయొడిన్ డబ్బా మూతలో పోసి కలిపాం.

ఉండేది రవణయ్యకి వచ్చింది,
అప్పటికే చక్రాల పెట్టె కొనేసినాయనకి.

కాసేపు ఫ్యాను చప్పుడే.
"ఈ చీటీ మార్చుకున్నోళ్లకి పదివేలు" అన్నాడు రవణయ్య.
ఎవరూ కదల్లేదు.
పదిహేను.
మస్తానయ్య మీసం దువ్వుకున్నాడు.
ఇరవై.
కామాక్షమ్మ గాజులు ఒక్కొక్కటే వెనక్కి తోసుకుంది.
కాయితం మీద లైట్లకన్నా బాగా
అందరి కళ్లల్లో కనబడింది నాకు ఆ ఊరు.
పాస్‌పోర్టు కూడా అక్కర్లేదనిపించింది.

ఇరవై రెండుకి నేను తీసుకున్నాను.
ఎన్నేళ్లుగానో అందరి ఆటా రాసేదాన్ని,
నా చేత్తో నేను ఆడింది ఆ ఒక్కటే.
గెలిచానో లేదో రాయడానికి
పుస్తకంలో గడి లేదు.

రాత్రి గట్టు మీద చెంచయ్య టార్చి వేశాడు.
నీళ్ల నిండా ఎర్రటి కళ్లు,
లక్షన్నర, పోనీ లక్షా ఇరవై,
ఆర్పేవాడు లేని దీపాల్లాగా.
ఏరియేటర్ల నురగ గాలికి వచ్చి
కాళ్ల మీద పడతా ఉంది.

"ఎంతకొచ్చిందక్కా?"
"చీటీనా?"
"కాదక్కా, రొయ్య."

తాడు లాగి చెక్‌ట్రే ఎత్తాడు.
మేత సగం అట్నే మిగిలుంది.
ఇద్దరం దాన్ని చూస్తా నిలబడ్డాం.
చెంచయ్య టార్చి ఆపేశాడు.