అంటరానిది

వారమంతా యూనివర్సిటీలో లా పిల్లలకి
యూరప్ చట్టం చెబుతాను.
ఆదివారం పదకొండింటికి, బరంపురం పట్టునేత సంఘం హాల్లో
అదే చట్టం ఊరికి చెబుతాను.
జీతం లేదు, టీ ఉంది.

రిటైరైన రైల్వే గార్డు కూర్మారావు గారు వస్తారు,
నోటుబుక్కుకి అట్ట వేసుకుని మరీ.
మగ్గం అమ్మేసి జిరాక్సు షాపు పెట్టిన భీమేశ్వర్రావు గారు.
ఇచ్ఛాపురంలో ఎనిమిదింటి బస్సెక్కే అక్కచెల్లెళ్ళిద్దరు.
నా స్టూడెంటు ప్రతీక్ పాఢీ.
తెలుగు వింటాడు, నవ్వడం మాత్రం ఒడియాలో నవ్వుతాడు.

పోయిన వారం సరిహద్దుల పాఠం.
పొద్దున్నే ఒక దేశంలో రొట్టె కొని
పక్క దేశంలో నడుస్తూ తినేయొచ్చు,
గేటుండదు, ఎవడూ అడగడు అన్నాను.
కూర్మారావు గారు చెయ్యెత్తారు:
"మా తమ్ముడి కొబ్బరికాయల లారీని
గిరిసోల గేటు దగ్గర రెండు పూటలు ఆపేశారండి.
మనవి రెండు దేశాలు కూడా కావు గదా?"
హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వి, జవాబు ఎగ్గొట్టాను.

గొప్పలు చెప్పడం నాకు చేతకాదు.
ఒకప్పుడు గోపాలపూర్ రేవులో మన ముత్తాతల్ని
తలకింత, బస్తాకింత అని లెక్కగట్టి
రంగూన్ ఓడెక్కించింది ఆ ఖండం వాళ్ళే.
తమ ఇళ్ళు తామే తగలబెట్టుకున్నాక
ఆ బూడిదలో కూర్చుని మంచి మాటలు రాసుకున్నారు.
ఇప్పటికీ వాళ్ళ సముద్రంలో
పిల్లలున్న పడవలు మునుగుతూనే ఉన్నాయి.
ఇదీ చెబుతాను. సిలబస్‌లో లేదు.

నిన్నటి పాఠం ఒక్క వాక్యం.
జర్మనీ వాళ్ళ రాజ్యాంగం మొదలయ్యేది దానితోనే.
మనిషికి పుట్టుకతో ఉన్న... ఏమనాలి దాన్ని?
గౌరవం అన్నాను.
అది ఒకరు ఇచ్చేది, మళ్ళీ లాక్కోవచ్చు.
పరువు అన్నారెవరో.
పరువు కోసం కూతుళ్ళని చంపుకున్నాం, వద్దన్నాను.
"మా ఒడియాలో మర్యాద అంటాం మేడమ్," ప్రతీక్ అన్నాడు.
మర్యాదా! మాకది కుర్చీ వేసి కాఫీ ఇవ్వడం.
కానీ నిఘంటువులో ఇంకో అర్థం ఉంది:
హద్దు, చెలియలికట్ట,
సముద్రమంతటిది కూడా దాటనిది.
సరే, మర్యాదే ఉండనీ.

ఇక రెండో సగం.
దాని జోలికి ఎవరూ పోకూడదు, సర్కారైనా సరే.
'ఉల్లంఘించరానిది' అని రాస్తే
బీరువా వాసన వచ్చింది.
చెరిపేసి, మూలంలో ఉన్న మాటకి మాట పెట్టాను.
బోర్డు మీద పడింది:
మనిషి మర్యాద అంటరానిది.

సుద్దముక్క అక్కడే ఆగింది.
ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదయింది.
అక్కచెల్లెళ్ళలో పెద్దామె కొంగు సర్దుకుంది.
ప్రతీక్ నేల చూపులు చూశాడు.

క్లాసయ్యాక ఊడవాలని
చీపురుతో తలుపు దగ్గర నిలబడే ఒక మనిషి ఉంది.
రెల్లి వీధి నుంచి వస్తుందని తెలుసు.
ఏడు నెలలుగా చూస్తున్నాను, పేరు తెలీదు.
"మళ్ళీ సదవండమ్మా" అంది.
చదివాను.
"నన్నయితే ముట్టుకోరు గానీ,
నా మర్యాద్ని ముట్టుకోనోడు
ఈ ఊర్లో ఎవుడున్నాడమ్మా?
మీరేదో తిరగేసి రాసీసినట్టున్నారు."

భీమేశ్వర్రావు గారు కుర్చీ జరిపారు.
దూరం జరిగారో, చోటిచ్చారో
నాకిప్పటికీ తెలీదు.

పేరడిగాను. సొంబారి.
హాజరు కాగితంలో రెండు గళ్ళు:
విద్యార్థులు, ప్రజలు.
ఎందులో రాయమంటావని అడిగితే
చీపురు గోడకానించి కాగితం కేసి చూసింది.
"ఇందులో పేరుంటే,
పని టైములో కూకున్నానని
ఈ పూట జీతం కోసీరు గదా?"

పెన్ను పట్టుకుని
ఏ అధికరణంలో ఉందా అని
ఇంకా వెతుకుతున్నాను.