అభ్యంతరం లేదు

మల్కాపురం మెయిన్ రోడ్డులో, నెట్ సెంటర్‌లో,
కైలాసు నా బతుకంతా టైపు చేస్తున్నాడు.
"ఏ రాష్ట్రం, మేడం?"
ఏ సంవత్సరంలో ఏ రాష్ట్రం అని అడుగు నాయనా.

పెళ్లికి ముందు కేజీహెచ్‌లో ట్రైనింగు,
కాన్పుల వార్డులో రాత్రి డ్యూటీలు.
అప్పుడు నా పేరు ఒక్క రిజిస్టర్లోనే ఉండేది,
నూకరత్నం, స్టాఫ్ నర్సు, గుండ్రటి అక్షరాల్లో.

తరవాత ముంబై.
పాత ఊరి నుంచి ఒక కాగితం రావాలన్నారు,
నో అబ్జెక్షన్.
ఏడు నెలలకి వచ్చింది.
ఎనిమిదో నెలలో సన్యాసినాయుడికి
కొచ్చి పోస్టింగు వచ్చింది.

కొచ్చిలో తొందరగానే అయింది, అబద్ధం ఎందుకు.
రెండేళ్లు పనిచేశాను.
అక్కడ నొప్పిని వేదన అంటారు.
మోకాలికైనా, పంటికైనా, అదే మాట.
మొదటి వారం ప్రతి మంచం దగ్గరా
ఏదో పెద్ద దుఃఖం ఉందనుకుని కూర్చుండిపోయేదాన్ని.

కార్వార్‌లో ఇక రానేలేదు.
క్వార్టర్స్ వెనక వంకాయ మొక్కలు వేశాను.
బాగానే కాశాయి.

ఎక్కడికెళ్లినా అభ్యంతరం లేదనే అంటారు.
నిజమే, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.
ఒక్కరికైనా ఉంటే బాగుండును,
ఎదురుగా కూర్చుని దెబ్బలాడేదాన్ని.

ఆయన సంగతి ఇంకో ఏటో.
పదిహేనేళ్లు నీళ్ల అడుగున
ఇనప గోడకి చెవి ఆనించి
ఏ సిలిండరు దగ్గుతోందో చెప్పిన మనిషి.
పరవాడ కంపెనీలో జీతం మాట దాకా వచ్చి
"బయటి సర్టిఫికెట్ ఏదీ?" అన్నారు.
నేవీ కాగితాన్ని తిప్పి చూశారు,
వెనక ఇంకేమైనా రాసుందేమోనని.
వెనక ఏటుంటుంది. తెల్లగా ఉంది.

ఇప్పుడు బీచ్ రోడ్డులో
ఒడ్డుకు లాక్కొచ్చి నిలబెట్టిన సబ్‌మెరైన్‌లో గైడు.
రోజుకి పన్నెండు సార్లు
"ఇది ఇంజను గది. చేతులు పెట్టకండి."
ఆ రూలు ఆయనకీ వర్తిస్తుంది.
మొన్న ఎస్.కోట నుంచి వచ్చిన బడిపిల్ల ఒకత్తి
"ఇప్పుడు నడుస్తాదా అంకుల్?" అనడిగిందట.
ఏం చెప్పావన్నాను, చారు పోస్తూ.
"నూనె పోస్తే నడుస్తాదన్నాను."
చెయ్యి కడుక్కుంటానని లేచి
కుళాయి దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.
కుళాయి కట్టేసే ఉంది.

"మేడం, గత ఐదేళ్లలో వృత్తిలో ఉన్నారా?
అవును, కాదు. రెండే గడులు."
కైలాసూ, ఆ రెండిటి నడుమ కాస్త చోటుంటే
అక్కడ మా పెట్టెలు దింపుకుందుము,
మూడు ఊళ్ల పేర్లు ఒకదాని మీద ఒకటి
సుద్దతో రాసిన నల్ల ట్రంకు పెట్టెలు.
లేదు కదా. "కాదు" అని కొట్టు.

కొట్టాడు.
పదహారు అంకెల నంబరొకటి వచ్చింది,
ఆయన సర్వీసు నంబరు కన్నా పొడుగు.
పరిశీలనలో ఉంది, అని కింద ఆకుపచ్చ అక్షరాలు.
ముప్పై రూపాయలు ఇచ్చాను.

సింధియా నుంచి డ్యూటీ దిగిన సైకిళ్లు వస్తున్నాయి.
గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే
వెనక నుంచి కైలాసు, గొంతు తగ్గించి:
"మేడం, మా అమ్మకి కొత్తగా ఇన్సులిన్ రాశారు.
సూదంటే మా ఇంట్లో అందరికీ భయం.
సాయంత్రం ఒక్కసారి..."

నా నంబరింకా పరిశీలనలో ఉంది కదా అన్నాను.
వాడు నవ్వలేదు.
నేనూ నవ్వలేదు.
ఇల్లెక్కడ అని అడిగాను.