రశీదు

ముప్పై ఏళ్లు అడిగాం, మూతికొక గుడ్డ ఇప్పించమని.
రంపం రాతిలోకి దిగినప్పుడల్లా
లేచే ఆ బూడిద పొగ
మా ముక్కుల్లో కాపురం పెట్టినప్పుడు అడిగాం.
హుస్సేనమ్మ టీబీ మాత్రలు ఆర్నెల్లు మింగి
అది టీబీ కాదని తేలేలోపే
కంభం రోడ్డు ఆసుపత్రిలో పోయినప్పుడు అడిగాం.
"పమిట కొంగుందిగా, కట్టుకోండి" అన్నాడు షావుకారు.

ఇవాళ తర్లుపాడు రోడ్డు మలుపులో
వెదురు బొంగులకు అవతల నిలబడి
మా వీధిలో చెడ్డీ లేకుండా తిరిగిన పిల్లోడే, కానిస్టేబులు,
"మాస్కేది పెద్దమ్మా?" అని
నూటికి రశీదు రాశాడు.
వాడి మాస్కు గడ్డం కింద ఉంది.

నవ్వొచ్చింది.
నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గితే చుట్టూ ఉన్నోళ్లు నాలుగు బారలు ఎగిరి జరిగారు.
ఇది మీరనుకునే జబ్బు కాదయ్యా,
మీ పిల్లలు దిద్దిన అఆల జబ్బు
అని చెప్పబోయాను.
అప్పటికే వరసలో వెనకోణ్ణి పిలిచాడు.

రశీదు మీద పేరు గాలెమ్మ.
వయసు యాభై, వాడే వేసుకున్నాడు.
పని అన్నచోట అడ్డగీత.

నిజమే, పనెక్కడుంది?
బళ్లు మూస్తే పలకలెవరు కొంటారు?
షెడ్డులో ఒక్క అక్షరమూ పడని పలకలు
రేకుల దాకా కట్టలు కట్టలు.
వాటి మీద పిల్లి ఈనింది,
పిల్లలు పెద్దవయి గోడ దూకిపోయాయి.
వాటినెవడూ ఎక్కడికని అడగలా.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వంకాయలు.
ఆ తర్వాత లాఠీ.
అన్నిటికన్నా ముందు బ్రాందీ షాపు తెరిచారు.
మండుటెండలో సున్నం గుండ్రాల్లో
బడిపిల్లల్లాగా బుద్ధిగా నిలబడ్డారు మా మగోళ్లు.
బడి మాత్రం తెరవలేదు.
మనవరాలు పక్కింటోళ్ల ఫోను అద్దం మీద
వేలితో క దిద్దింది.
ఉమ్మి పెట్టి తుడవకుండానే అది చెరిగిపోయింది.
"పలకే నయం జేజీ" అంది.
"దాన్ని మనమే చెరపాలి."

ఒకనాటి తెల్లారగట్ల
మలుపులో బొంగులు మాయమయ్యాయి.
వెదురు మండితే టపాకాయలాగా పేలుద్ది,
వీధి మొత్తానికి వినపడుద్ది.
ఎవరి పొయ్యిలో పేలిందో అందరికీ తెలుసు.
అడగటానికి ఎవరూ రాలా.
ఆ పూట వాళ్లింట్లో ఎసరు మరిగింది, అంతే.

ఆఖరికి తెరిచారు.
టీ బంకు తెరిచారు, సినిమా హాలు తెరిచారు,
దండం పెట్టుకోను గుడి తెరిచారు, చివరాఖరికి బడి.
అంతా మామూలైపోయిందన్నారు.
ఆ పిల్లోడు కూడా రశీదు పుస్తకం లోపల పెట్టి
లారీల దగ్గర మామూళ్లకు నిలబడ్డాడు.

నేను రశీదు మడత విప్పి
షావుకారు బల్ల మీద పరిచాను.
"ఏందే ఇది?"
"సర్కారు ముద్ర. గాలెమ్మ మూతికి గుడ్డ ఉండి తీరాలంట."
"కరోనా పోయిందిగా" అన్నాడు.
పోయింది.
రంపం మోగింది.
రెండేళ్లు ఉగ్గబట్టుకున్నట్టు
ఒక్కసారిగా లేచింది పొగ.

నాకు చదువు రాదు.
చేత్తో ఎన్ని లక్షల పలకలు దాటించానో,
ఒక్కదాని మీదా రాసింది లేదు.
అంకెలు మాత్రం కూలి లెక్కల్లో ఒంటబట్టాయి.
చట్రం విరిగిన పలకొకటి తీసుకుని
బలపంతో ఒకటి, పక్కన రెండు సున్నలు పెట్టి
రంపం ఎదురు మేకుకి తగిలించాను.
షావుకారు చూశాడు. ఏమీ అనలా.

దుమ్ము పడీ పడీ
సాయంత్రానికి ఆ నూరు కనపడలేదు.
పొద్దున మళ్లీ రాశాను.