ముదురు నారు

ఒత్తుగా ఉందన్నాడు ఆఫీసరు.
గోడమీది పటంలో మా జావాని
బెత్తంతో రెండుసార్లు కొట్టి
నారుమడిలా ఒత్తుగా ఉంది,
పీకి పలచగా నాటాలన్నాడు.
గోళ్ళు తెల్లగా ఉన్నాయి, ఎన్నడూ బురద ఎరగనివి.

అబద్ధమేం కాదు.
తాత మడి నాన్న దాటి మా ఆరుగురి దాకా వచ్చేసరికి
ఒక్కొక్కరికీ
గేదె కాళ్ళు ముడుచుకు పడుకునేంత.
గట్టు మీద ఎవరి కాలు పడ్డా తగువే.

పెళ్ళయిన వాళ్ళకే భూమి, అది రూలు.
గడువు శుక్రవారం.
బుధవారం సరిదిన్ మా ఇంటికొచ్చి
నావైపు చూడకుండా నాన్నతో మాట్లాడాడు.
గురువారం పెళ్ళి.
ఫారంలో భార్య అన్న గడి ఖాళీగా ఉంటే
రెండు హెక్టార్లు పోతాయి.
ఆ గడిలో నన్ను నాటారు:
పోనిరా, వయసు పంతొమ్మిది.
అతనికి నలభై ఒకటి.
ముదురు నారు పిలక వెయ్యదని గొణిగింది అమ్మ,
నా జడ అల్లుతూ.

సురబయ రేవులో పార ఇచ్చారు, కత్తి ఇచ్చారు,
ఇద్దరికీ కలిపి ఒక దోమతెర.
ఆ తెర కిందే మొదటిసారి
ఒకరి పేరు ఒకరం అడిగి తెలుసుకున్నాం.

నాలుగో కాలువ, పదిహేడో ఇల్లు.
ఊరికి అంకె ఉంది, పేరు లేదు.
అన్ని ఇళ్ళూ ఒకే అచ్చు.
మొదటి నెల్లో ఓ చీకటి వేళ సరిదిన్
పక్కింట్లో కూర్చుని అన్నం పెట్టమన్నాడట.
మర్నాడు నా పాత బాతిక్ చించి
మా గుమ్మానికి కట్టాను.

నేల నల్లగా ఉందని మురిసిపోయాం.
మా వైపు నల్లనేలంటే కొండ కక్కిన బూడిద,
ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది.
ఇది వేరు. ఎన్ని వేల ఏళ్ళ ఆకుల కుళ్ళో,
చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దిగింది.
కాలువలో నీళ్ళు డికాషన్‌లా ఉండేవి.
వరి పసుపురంగులో లేచి, అలాగే నిలబడి,
అలాగే చచ్చిపోయింది.

రెండో ఏడు ఉంతింగ్ వచ్చాడు, చిన్న పడవలో.
కేకలెయ్యలేదు.
మా చేలో మొద్దులు లెక్కపెట్టాడు.
ఇది మా అమ్మ రబ్బరు చెట్టు,
ఇది మా చిన్నాన్నది.
ఖాళీ నేల అని పటంలో ఉందండీ అన్నాడు సరిదిన్.
పటం మా ఇంటికి రాలేదన్నాడు ఉంతింగ్.
వాననీళ్ళు ఇచ్చాను. తాగాడు.
ఆపైన ఎప్పుడొచ్చినా పడవని
వాళ్ళమ్మ మొద్దుకే కట్టి
మా చేనుకి అడ్డంగా నడిచి వెళ్ళేవాడు.
ఆ నడిచినంత మేర
నేనేమీ నాటలేదు. ఎందుకని సరిదిన్ అడగలేదు.

పిల్లలు నలుగురు. అమ్మ మాట తప్పింది.

నిరుడు, కార్తె కాని కాలంలో, సరిదిన్ పోయాడు.
గొయ్యి తవ్వుతుంటేనే నీళ్ళు ఊరాయి.
బకెట్లతో తోడాం. మళ్ళీ ఊరాయి.
పెట్టె దించితే తేలింది,
కట్టు విప్పిన పడవలా పక్కకు తిరిగింది.
మగవాళ్ళు తలలు దించుకున్నారు.
అప్పుడు ఉంతింగ్ కొడుకు ఇంటికెళ్ళి
రెండు ఉలిన్ గుంజలు తెచ్చాడు,
ఇనుమంత బరువైన కర్ర.
పెట్టె మీద అడ్డంగా వేసి
ఇద్దరు ఎక్కి తొక్కారు.

మా వీపులు వంచి నారు నాటేటప్పుడు
బొటనవేలితో అలాగే అదుముతాం, లేచి రాకుండా.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు, మెడలో కార్డు.
ఇంట్లో ఎంతమందన్నాడు.
పదిహేడు అన్నాను.
ఒత్తుగా ఉందే అని రాసుకోబోయాడు.
ఇంటి నెంబరయ్యా చెప్పింది, అన్నాను.