ఘాటు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిలానీ నా సీపీయూ మూత విప్పి
ముందు తుమ్మాడు.
"మిర్చి యార్డు పక్కనా భాయ్ మీ ఇల్లు?"

కార్డు పదమూడు వేలు.
దానికి ఈ పవర్ సప్లై చాలదట, ఇంకో మూడు.
అంటే నాలుగు పెళ్లిళ్ల మిక్సింగ్,
అదీ ఎవరూ ఎగ్గొట్టకపోతే.

రాత్రి పెట్టిన రెండరు
పాలప్యాకెట్ల వేళకి
తొంభై తొమ్మిది దగ్గర మొరాయిస్తుంది,
తాళి కట్టే చెయ్యి గాల్లోనే.

కొత్తదైతే గంటలో అయిపోద్దంటాడు.
మిగిలిన రాత్రిని ఏం చేసుకోవాలో
అట్టపెట్టె మీద రాసిలేదు.

బ్లోయర్ పెట్టాడు.
పాత ఫ్యాను రెక్కల్లోంచి ఎర్రటి దుమ్ము.
ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

నూటయాభై ఇచ్చి బండెక్కానా,
శంకర్ విలాస్ సెంటర్లో
పచ్చలైటు పడ్డా కదల్లేదు.
వెనక హారన్లు.
శ్రావణంలో ముహూర్తాలెన్నో
వేళ్ల మీద లెక్కేస్తున్నా.